కొత్త కారు ఓనర్లకు షోరూమ్ వాళ్లు పెట్టే క్లాసుకి వెళ్లాలా?

మీరు అడిగింది ఇది: విజయవాడలో పోయిన నెల ఆటోమేటిక్ కారు తీసుకున్నారు. ఇంట్లో ఇదే మొదటి కారు. ఈ ఆదివారం "కొత్త ఓనర్ల ఓరియెంటేషన్" ఉంది, వర్క్‌షాప్‌కి రమ్మని మెసేజ్ వచ్చింది. వెళ్తే ఏమైనా పనికొస్తుందా, లేక వారంటీలు, కోటింగులు అంటగట్టడానికే పిలుస్తున్నారా?

అంటగడతారు, అందులో అనుమానం అక్కర్లేదు. అయినా వెళ్లండి. నేను డీలర్ వర్క్‌షాప్‌లో చాలాకాలం సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను, ఇలాంటి క్లాసులు నేనూ తీసుకున్నాను. అందులో దాదాపు సగం అమ్మకమే. మిగతా సగంలో మాత్రం మీకు యూట్యూబ్‌లో దొరకని విషయాలుంటాయి. కాకపోతే వాళ్లు చెప్పేది వినేసి రావడం కాదు, మీరే అడిగి చేయించుకోవాలి.

డెలివరీ రోజు అన్నీ చెప్పారు కదా అనుకోవచ్చు. ఆ రోజు ఎలా ఉంటుందో మనకు తెలుసు. ముహూర్తం దాటిపోతోందని పెద్దవాళ్ల తొందర, టైర్ల కింద నిమ్మకాయలు, రిబ్బన్ కట్టిన పెద్ద అట్ట తాళంతో ఫొటో, పిల్లలు సన్‌రూఫ్ బటన్ మీద. ఆ హడావిడిలో సేల్స్ కుర్రాడు పావుగంటలో గడగడా చెప్పేస్తాడు, మీరు తల ఊపి సంతకం పెట్టేస్తారు. ఆ కుర్రాడికి తెలిసింది కూడా అమ్మడానికి కావలసినంతే. బండి ఎక్కడ ఇబ్బంది పెడుతుందో తెలిసినవాళ్లు వర్క్‌షాప్‌లో ఉంటారు, ఓరియెంటేషన్‌లో దొరికేది వాళ్లే.

ముందుగా ఒక సలహా. ఫోన్‌ని స్క్రీన్‌కి కలపడం, పాటలు, యాప్, లైట్ల రంగులు మార్చడం, వీటి మీద అక్కడ ఒక్క నిమిషం కూడా పెట్టకండి. అవి ఇంట్లో పిల్లలు నేర్పేస్తారు. రాత్రిపూట హైవే మీద, ఫోన్ సిగ్నల్ లేనిచోట, ఎవరినీ అడగడానికి వీల్లేనప్పుడు ఏం కావాలో అవి మాత్రం మీ చేతులతో చేసి చూడండి.

మొదటిది తాళం. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లలో రిమోట్‌లో చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ఏదో ఒకరోజు అది అయిపోతుంది, తలుపు తెరుచుకోదు. రిమోట్‌లోనే ఒక ఇనుప తాళం దాగి ఉంటుంది, దాన్ని బయటికి తీసి తలుపు తెరవాలి. కొన్ని మోడళ్లలో తాళం రంధ్రం మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, అది ఊడదీస్తేగానీ రంధ్రం కనిపించదు. లోపల కూర్చున్నాక చాలా కార్లలో రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే ఇంజిన్ లేస్తుంది, కొన్నింట్లో అందుకు వేరే చోటు ఉంటుంది. మీ కారులో ఎలాగో అడిగి, తాళం తీయడం దగ్గర్నుంచి ఒకసారి చేసి చూపించమనండి.

ఇంకోటి చాలామంది అడగరు. నడుస్తున్న కారు ఏ కారణం చేతనైనా ఆగకపోతే, బటన్‌తో ఇంజిన్ ఆపడం ఎలా? పాత కార్లలో తాళం తిప్పేవాళ్లం. బటన్ కార్లలో మామూలుగా ఒకసారి నొక్కితే ఆగదు. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, లేదా వెంటవెంటనే రెండు మూడు సార్లు నొక్కాలి. పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది. అలా ఆపాక స్టీరింగ్, బ్రేక్ బిగుసుకున్నట్టు గట్టిగా అవుతాయని కూడా తెలిసి ఉండాలి. ఇది రోడ్డు మీద ప్రయోగం చేసే విషయం కాదు కాబట్టి అక్కడే నోటితో చెప్పించుకోండి.

స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, టోయింగ్ హుక్కు ఎక్కడున్నాయో డిక్కీ తెరిపించి చూడండి. కొన్ని కార్లలో స్టెప్నీ మిగతా టైర్లకంటే చిన్నది, దాంతో 80 కిలోమీటర్ల వేగం దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది. కొన్నింట్లో అసలు స్టెప్నీయే ఉండదు, పంక్చర్ కిట్ ఒక్కటే ఇస్తారు. ఇది రోడ్డు పక్కన తెలుసుకుంటే ఏడుపొక్కటే తక్కువ. లిఫ్ట్ మీద కారు ఎక్కించి ఉంటే, జాకీ పెట్టాల్సిన గాడి ఎక్కడుందో వేలితో ముట్టుకుని చూడండి. ఆ గాడి తప్పించి పెడితే రేకు నొక్కుకుపోతుంది. మీరే టైరు మార్చకపోయినా, మార్చడానికి వచ్చినవాడు ఎక్కడ పెడుతున్నాడో చూసుకోవచ్చు.

ఇక మీది ఆటోమేటిక్ అన్నారు కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. నా అభిప్రాయంలో ఈ ఒక్క విషయం కోసమైనా ఆ క్లాసుకి వెళ్లొచ్చు.

"ఆటోమేటిక్" అని మనం ఒకే మాట అంటాంగానీ అందులో కనీసం నాలుగు రకాలున్నాయి. ఏఎంటీ అంటే లోపల మామూలు గేర్‌బాక్సే, క్లచ్ కూడా మామూలుదే, మన కాలికి బదులు మోటారు నొక్కుతుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు. సీవీటీలో గేర్లకు బదులు బెల్టు, పుల్లీలు. నాలుగోది టార్క్ కన్వర్టర్, ఇందులో క్లచ్‌కి బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ బలం గేర్‌బాక్స్‌కి చేరుతుంది. మీ కారులో ఏది ఉందో ముందు అడిగి తెలుసుకోండి. దేన్ని ఎలా పాడుచేయొచ్చో దాన్ని బట్టే ఉంటుంది.

ఏఎంటీ ఉన్నవాళ్లు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే, బ్రేక్ మీద కాలు పెట్టకుండా యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి బండిని అక్కడే నిలబెడతారు. లోపల క్లచ్ సగం పట్టి జారుతూ ఉంటుంది. కాసేపటికి కాలిన వాసన వస్తుంది, "కొత్త బండిలో వాసనేంటి" అని వర్క్‌షాప్‌కి వస్తారు. క్లచ్ అరుగుదల మామూలుగా వారంటీలోకి రాదు. డీసీటీలోనూ, ముఖ్యంగా డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండని క్లచ్) రకంలో, బెంజ్ సర్కిల్ లాంటి చోట అంగుళం అంగుళం పాకిస్తే క్లచ్ వేడెక్కి స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. ముందు కారుకి కాస్త ఖాళీ వచ్చేదాకా బ్రేక్ నొక్కి ఆగి, అప్పుడు ఒకేసారి కదలడం మంచిది. వెనక నుంచి హారన్లు కొడతారు, కొట్టనివ్వండి.

ఘాట్ దిగడం ఇంకా ముఖ్యం. తిరుమల నుంచి దిగే వాహనాలకు కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన పెట్టింది ఊరికే కాదు. ఆటోమేటిక్‌ని డీలో, అంటే మామూలు డ్రైవ్‌లో, వదిలేసి దిగితే చాలా కార్లు పై గేరులోకి వెళ్లిపోతాయి, ఇంజిన్ పట్టు దాదాపు ఉండదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కితే పెడల్ నొక్కినా బండి ఆగదు. మాన్యువల్ మోడ్, లేదా గేర్ లివర్ మీద ఎల్, ఎస్ అనే స్థానాలు, స్టీరింగ్ వెనక గేరు మార్చే ప్యాడిల్స్, మీ కారులో ఏది ఉంటే దానితో గేరు తగ్గించి దిగాలి. అక్కడున్న ట్రైనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ డ్రైవ్ రూటులో ఒకసారి గేరు తగ్గించి చూడండి. ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. అది విని భయపడి మళ్లీ డీలో వేసేవాళ్లు ఎక్కువ. ఆ శబ్దం మామూలేనని ఒకరు పక్కనుండి చెప్తే ఆ టెన్షన్ పోతుంది.

దీని పక్కనే ఇంకో పాత అలవాటు ఉంది. దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని మన నాన్నల తరం నేర్పింది. కార్బురేటర్ కాలంలో ఏమోగానీ, ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరా దానంతట అదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో పెట్రోలూ దండగే, ప్రమాదమూ ఉచితం.

వాలు మీద పార్కింగ్‌కీ ఒక వరుస ఉంది. కాలి బ్రేకు నొక్కి ఉంచి, న్యూట్రల్ వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు తీసి బండి బరువు హ్యాండ్‌బ్రేక్ మీద కూర్చున్నాక అప్పుడు పీ (పార్క్) వేయాలి. నేరుగా పీ వేసేస్తే బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది, తర్వాత తీసేటప్పుడు "టక్" మంటుంది. మన దగ్గర అమ్మే ఏఎంటీల్లో చాలావాటికి పీ ఉండనే ఉండదు, అప్పుడు గేరులో ఉంచి ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయాలి.

ఎయిర్‌బ్యాగుల సంగతి. షోరూమ్‌లో "ఆరు ఎయిర్‌బ్యాగులు సార్" అని చెప్తారు, అవి ఎక్కడున్నాయో చూపించరు. క్లాసులో ఒక్కొక్కటీ చేత్తో చూపించమని అడగండి. ముందు సీట్లవాళ్లకి పక్క నుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగులు చాలా కార్లలో సీటు కుట్టులోనే ఉంటాయి. వాటి మీద బయట దొరికే మందపాటి సీటు కవర్లు తొడిగితే సమయానికి అవి తెరుచుకోకపోవచ్చు. ఆ పక్కన తేలిగ్గా చిరిగే కుట్టుతో చేసిన కవర్లు వేరే ఉంటాయి. తమాషా ఏమిటంటే, కొన్నిసార్లు అడ్డంగా ఉండే కవర్లు అదే షోరూమ్ యాక్సెసరీ కౌంటర్‌లోనే అమ్ముతారు. డెలివరీనాటి ప్లాస్టిక్ కవర్లు నెలల తరబడి తీయనివాళ్లకీ ఇదే మాట.

ఇది కొంచెం సున్నితమైన విషయం, అయినా చెప్తాను. డ్యాష్‌బోర్డు మీద పక్క సీటు ఎదురుగా వినాయకుడి బొమ్మ అంటిస్తారు. సరిగ్గా అక్కడ డ్యాష్‌బోర్డు మూత కిందే పక్కవాళ్ల ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అది రెప్పపాటు కంటే తక్కువ సమయంలో తెరుచుకుంటుంది, ఆ బొమ్మ కూర్చున్నవాళ్ల ముఖం మీదికే వస్తుంది. దేవుణ్ని మధ్యలో, ఎయిర్‌బ్యాగ్ మూతకి దూరంగా పెట్టుకోండి. ఎక్కడిదాకా మూత ఉందో ట్రైనర్ గీసి చూపిస్తాడు. ముందు సీట్లో చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కూడా ఇందుకే వద్దు. బంపర్ ముందు ఇనుప బుల్‌గార్డ్ జోలికీ పోకండి. వాటిని ఆపించమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్న దెబ్బ సెన్సర్లకి చేరే తీరే మారిపోతుంది.

వెనక సీట్లో బెల్టు గురించి ట్రైనర్ ఒక్క వాక్యంలో దాటేస్తాడు. మీరు దాటేయకండి. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర చనిపోయింది వెనక సీట్లో, బెల్టు లేకుండా. వెనకవాళ్లు పెట్టుకోకపోయినా చట్టప్రకారం వెయ్యి రూపాయల జరిమానా ఉంది. నడుముకి పెట్టుకునే బకిల్స్ చాలా కార్లలో సీటు సందులో కూరుకుపోయి ఉంటాయి. అవి బయటికి తీసి ఉంచుకోండి, లేకపోతే ఎవరూ పెట్టుకోరు.

టైర్ల విషయం చిన్నదే. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే అంచున స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉన్న అంకె గరిష్ఠం, అది కొట్టించకండి. గాలి టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. గాలి హెచ్చరిక లైటు కొన్ని కార్లలో గాలి కొట్టించాక మెనూలోకి వెళ్లి రీసెట్ చేస్తేగానీ ఆరదు, అది ఎలాగో చూసుకోండి. డ్యాష్‌బోర్డు లైట్లలో ఎరుపు వస్తే పక్కకి తీసి ఆపాలి, పసుపు వస్తే తొందర్లో చూపించాలి, ఆకుపచ్చ, నీలం ఊరికే సమాచారం. 80 దాటితే వచ్చే బీప్‌ని తీసేయమని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. 2019 జూలై నుంచి అది చట్టప్రకారం ఉండాల్సిందే, తీయరు.

మీది విజయవాడ కాబట్టి నీళ్ల గురించి తప్పకుండా అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు మునిగిన కార్లు గుర్తుండే ఉంటాయి. మునిగిన కారుని, లేదా నీళ్లలో ఆగిపోయిన కారుని మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకూడదు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే, గాలిని నొక్కినట్టు నీళ్లని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అక్కడితో ఇంజిన్ విప్పాల్సిందే. మామూలు సమగ్ర పాలసీ వరద నష్టం ఇస్తుందిగానీ, నీళ్లలో స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పోతే "ఇది మీరు చేతులారా చేసుకున్నదే" అంటుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకుని ఉంటేనే దానికి కాస్త ఆధారం. మీ పాలసీ కాగితంలో ఆ మాట ఉందో లేదో అక్కడే చూపించి అడగండి.

ఇన్సూరెన్స్‌లో మరో మెలిక. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ పాలసీ మూడేళ్లకి ఒకేసారి కట్టాలి. దాంతో "మూడేళ్లకి కట్టేశాం" అనుకుంటారు. సొంత నష్టానికి ఇచ్చే భాగం మామూలుగా ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు దాన్ని రెన్యూ చేయకుండా తిరిగి, గుద్దుకున్నాక కాగితం తెచ్చి ఏడ్చినవాళ్లని చాలామందిని చూశాను. ఇప్పుడే ఫోన్ క్యాలెండర్‌లో తేదీ పెట్టుకోండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు కూడా అక్కడే సేవ్ చేసి, ఒకసారి కాల్ చేసి మీ బండి రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి.

వారంటీ గురించి వాళ్లు ఏం వస్తుందో చెప్తారు. మీరు ఏం రాదో అడగండి. టైర్లకి, బ్యాటరీకి వాటి కంపెనీల వారంటీలు వేరే. ఎలుకలు కొరికిన వైర్లు రావు, అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టేవాళ్లకి ఇది నిజమైన సమస్య. బయట షాపులో వైరు కోసి హారన్లు, లైట్లు, కెమెరా పెట్టిస్తే ఆ తర్వాత ఏ ఎలక్ట్రికల్ సమస్య వచ్చినా వర్క్‌షాప్ వేలు అటే చూపిస్తుంది. వైరు కోయకుండా కప్లర్‌తో తగిలించేవే పెట్టించండి. సర్వీసు గడువు కిలోమీటర్లా, నెలలా అంటే ఏది ముందొస్తే అది. 800 కిలోమీటర్లే తిరిగింది కదా అని ఆరు నెలలు వదిలేస్తే కుదరదు. ఫ్రీ సర్వీసు అంటే కూలీ మాత్రమే ఉచితం, ఆయిల్, ఫిల్టర్ల డబ్బు మీదే. మొదటి సర్వీసులో చాలా కంపెనీలు ఆయిల్ మార్చవు, చూసి పంపిస్తాయి. మోసం చేశారని పెద్దాయన గొడవపడకుండా ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.

ఇక అమ్మకం సగం. కోటింగులు, ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డి కడగడం), ఎసి క్లీనింగ్ ప్యాకేజీలు, నైట్రోజన్ గాలి, ఇవేవీ ఆ రోజు తీసుకోనక్కర్లేదు. కొత్త ఇంజిన్‌కి ఫ్లష్ ఎందుకో చెప్పమంటే వాళ్ల దగ్గరే సమాధానం ఉండదు. అడుగు భాగానికి తుప్పు పట్టకుండా వేసే కోటింగ్ విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్కన ఉండేవాళ్లకైతే ఆలోచించదగ్గదే, మీకు అంత అవసరం లేదు. ఎక్స్‌టెండెడ్ వారంటీని మాత్రం నేను కొట్టిపారేయను. టర్బో ఇంజిన్, డీసీటీ లేదా సీవీటీ ఉన్న కారుని అయిదారేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే అది డబ్బుకి తగినదే. కంపెనీ అసలు వారంటీ అయిపోయేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఆలస్యమైతే చాలా కంపెనీలు రేటు కొంచెం పెంచుతాయి. "ఈరోజే ఆఫర్" అన్నా సరే, కంపెనీదా డీలర్‌దా, ఏ పార్టులు రావు అన్నది కాగితం మీద తీసుకుని ఇంటికి వచ్చేయండి.

ఎవరు వెళ్లాలన్నది కూడా చెప్పాలి. డబ్బు కట్టినవాళ్లు వస్తారు, నడిపేవాళ్లు రారు. కొడుకు అమెరికా నుంచి కొనిచ్చిన కారు, నడిపేది ఊళ్లో నాన్న. లేదా జీతం డ్రైవర్. లేదా రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే ఆవిడ. స్టీరింగ్ ముందు ఎవరు కూర్చుంటారో వాళ్లనే ట్రైనర్ పక్కన కూర్చోబెట్టండి. డ్రైవర్ ఉంటే అతన్ని బయట టీ తాగమని పంపకండి, అతనికే ఎక్కువ అవసరం. అలాగే బండి వారాల తరబడి కదలకుండా ఉండే ఇల్లయితే, బ్యాటరీ దిగిపోకుండా ఏం చేయాలో, జంప్ స్టార్ట్ కేబుళ్లు ఎక్కడ తగిలించాలో కూడా అడగండి.

వెళ్లే ముందు వర్క్‌షాప్‌కి ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కోండి. కారుని లిఫ్ట్ మీద ఎక్కించి చూపిస్తారా, మాట్లాడేది సర్వీస్ వాళ్లా సేల్స్ వాళ్లా? హాల్లో కుర్చీలు వేసి ప్రొజెక్టర్ మీద చూపించి సమోసా ఇచ్చే కార్యక్రమమే అయితే మానేయండి. దానికి బదులు మొదటి సర్వీసు వారం మధ్యలో, పొద్దున్నే బుక్ చేసుకోండి. సోమ, శనివారాల్లో అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. జాబ్ కార్డ్ (బండికి చేయాల్సిన పనుల చీటీ) రాసేటప్పుడే "ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌తో ఒక ఇరవై నిమిషాలు కావాలి, బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు నన్ను పిలవండి" అని రాయించండి. నోటితో చెప్తే మర్చిపోతారు, కార్డులో ఉంటే పిలుస్తారు.